పీసోకి ఐదు నిమిషాలు

పదకొండేళ్లు కంప్యూటర్లు అద్దెకిచ్చాను.
చెక్కపెట్టెకి ఒక చీలిక, చీలికలో పీసో,
పీసోకి ఐదు నిమిషాలు.
తెర మూల ఎర్రటి అంకెలు తరుగుతుంటే
పిల్లల మెడలు ముందుకు సాగేవి.
నేను స్టూలు మీద కూర్చుని చిల్లర దొంతులు పేర్చేవాణ్ణి.
ఒక్క ఆటా ఆడలేదు.
మిఠాయి కొట్టువాడి నాలుకకి తీపి తెలీదని
రొసెండా ఎగతాళి.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి.
కొట్టు మూశాను.
ఇప్పుడు యాభై మూడేళ్లకి, ఆడాలనిపించింది.
ఇంతకన్నా పెద్ద కారణం లేదు,
రొసెండా మూడుసార్లు అడిగినా ఇదే చెప్పాను.

గిల్మోర్ వీధిలో జూలై వాన.
నెత్తిన రైలు వెళ్తే షాపుల అద్దాలన్నీ వణుకుతాయి.
చొక్కా లోపల ప్లాస్టిక్ కవరులో ఇరవై నాలుగు వేలు,
నోట్లు నా ఒంటి వేడికి మెత్తబడ్డాయి.
కౌంటరు వెనక జేరిక్.
ఒకప్పుడు నా కొట్టులో మూడో నంబరు పెట్టె వాడిదే,
బడి ఎగ్గొట్టి మరీ.

"ప్రాసెసర్ మధ్యరకం చాలు బాబాయ్,
ఇంజన్ ఒక్కటే గొప్పదైతే జీప్నీ కదలదు."
దానికి తగ్గ మదర్‌బోర్డు. రెండూ కలిపి తొమ్మిది వేల మూడొందలు.
వాడు కాగితం మీద రాస్తున్నాడు,
నేను మనసులో కొట్టేస్తున్నాను.
ర్యామ్ రంగురంగుల లైట్లది చూపించాడు.
లైట్లార్పితే ఎంత తగ్గుతుందన్నాను.
నవ్వి, మామూలు పుల్లలు రెండు తీశాడు.

పవర్ సప్లై దగ్గర మాత్రం వాడే పట్టుబట్టాడు.
చవకది కొంటే ఒక రాత్రి పొగ లేస్తుంది,
తనతో పాటు అందర్నీ తీసుకుపోతుంది.
ఇరవై ఆరొందలు. మాట్లాడకుండా ఒప్పుకున్నాను,
మా వీధిలో కరెంటు సంగతి నాకు తెలుసు.

గ్రాఫిక్స్ కార్డు కొత్తది అడగడానికి నోరు రాలేదు.
అర అడుగు నించి ఒక పాతది దించాడు.
కంటికి కనబడని నాణేల కోసం
రెండేళ్లు రాత్రింబవళ్లు కాలిందట.
ఫ్యాను రెక్కల్లో దుమ్ము, అంచున చిన్న గీత.
చేతిలోకి తీసుకున్నాను.
మనిద్దరిదీ ఒకటే వృత్తి కదే, అనుకున్నాను.
ఏడున్నర వేలు.

అంతా కూడితే ఇరవై ఐదు వేల నాలుగొందలు.
జేరిక్ పెన్ను కొరుకుతూ కార్డు వైపు చూశాడు,
నేను క్యాబినెట్ వైపు చూశాను.
గాజు తలుపు, ముందు మూడు ఫ్యాన్లు,
పదమూడొందలు.
"అది వద్దు, ఇంట్లో పెట్టె ఉంది."
ఇంకా వంద తక్కువ.

సంచి అడుగున ఒక సాక్సు ఉంది.
కొట్టు మూసిన రోజు పెట్టెల్లోంచి రాలిన ఆఖరి పీసోలు.
దేనికి దాచానో నాకే తెలీదు.
గాజు బల్ల మీద పది చొప్పున పేర్చాను,
చేతులు పాత పని మర్చిపోలేదు.
జేరిక్ లెక్కపెట్టలేదు.
"ఇందులో సగం నావే బాబాయ్," అన్నాడు.

ఆదివారమంతా ప్లైవుడ్ కోశాను.
మూడో నంబరు పెట్టె పక్కలో ఫ్యానుకి గుండ్రటి కన్నం.
స్క్రూలు చాలక ఒకచోట చెప్పుల దారం.
నాణేల చీలిక పూడుద్దామనుకుని, ఊరుకున్నాను.

వెలిగింది.
మూల అంకెలు లేవు.
అలవాటుకొద్దీ వాటికోసమే వెతుకుతుంటే
ఎవడో వెనకనించి నన్ను కాల్చేశాడు.
మళ్లీ మొదలు. మళ్లీ చచ్చాను.
రొసెండా వంటింట్లోంచి, "అప్పుడేనా?" అంది.

పక్కింటి ఎనిమిదేళ్ల మయుమి
ఎప్పుడొచ్చిందో, చీలిక దగ్గర వేలు పెట్టి చూస్తోంది.
అందులోంచి వెచ్చని గాలి వస్తోంది.
"తాతా, పీసోకి ఎన్ని నిమిషాలు?"
నోటి దాకా వచ్చింది జవాబు,
పదకొండేళ్లు చెప్పినదే.
స్టూలు మీద కొంచెం పక్కకి జరిగాను.